పేరు లేని భాగం

కర్నూలు,
22-9-2025, సోమవారం.

ప్రసాదూ,

సెప్టెంబరు నాలుగు, గురువారం. మీ అక్క ఐదున్నరకు లేచింది. వాకిలి కడిగి, ముగ్గు వేసి, కాఫీ పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆరున్నరకు కరెంటు పోయింది. గంట దాకా రాలేదు. యూపీఎస్ కూడా అయిపోయి, కాసేపు కూతపెట్టి ఆగిపోయింది. కరెంటు వచ్చాక నల్లటి తెర మీద ఏవో అంకెలు మార్చుకుంటూ నన్ను పిలిచింది.

"లెక్చరర్ సారూ, ఒక పది నిమిషాలు ఈడ కూర్చోప్పా. ఇది యెట్ల లేస్తాదో చూపిస్తా. నేను ఊరికి పోయినప్పుడల్లా నీ మార్కుల లిస్టు కోసం నాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తావు."

సాయంత్రం చూస్తానన్నాను. "నీ సాయంత్రాలు నాకు తెలీవా" అంది.

ఎనిమిదికి ఇడ్లీ పెట్టింది. ఎనిమిదింబావుకు నేను కాలేజీకి వెళ్లాను. మధ్యాహ్నం నేను ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు. రెండు నలభైకి పక్కింటి ఏసన్న చేశాడు. "సార్, అక్క కుర్చీలోంచి జారి కింద పడుండాది. ఆటో పిలిచినా. నువ్వు ఇంటికి రావద్దు, నేరుగా ఆసుపత్రికి రా" అన్నాడు. మూడూ పదికి చేరాను. నాలుగూ ఐదుకు డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. గుండె అన్నాడు. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పదకొండో రోజు మా గేటు దగ్గర నువ్వు నన్ను అడిగింది ఇదే. "ఆ దినం ఏం జరిగిందో నువ్వన్నా చెప్పు బావా, ఈడ ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తాండారు" అన్నావు. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఫోన్‌లో అడిగినా మళ్లీ అదే చేస్తాను. అందుకే రాశాను.

ఓబుళేశు


మాధవరం, ఒంటిమిట్ట మండలం,
25-9-2025.

బావకు నమస్కారం.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివినాను. మా ఇంట్లో ఆమె ఇంకోసారి చదివించుకుని ఏడ్చింది. పరీక్షలో జవాబు రాసినట్టు రాసినావు. ఎట్ల రాసినా ఉన్నదున్నట్టు రాసినావు, అది చాలు నాకు.

ఇప్పుడు నా పని ఒకటి ఉండాది. తప్పుగా అనుకోవద్దు. మా యామిని పెండ్లి నవంబరు పదమూడుకే ఉంచినాం. ఇచ్చిన ఆడబిడ్డ పోతే పుట్టింటికి మూడు దినాలే మైల అని పెద్దలు చెప్పినారు. అబ్బాయి తరఫువాళ్లూ ఒప్పుకున్నారు.

మా ఇంట్లో ముహూర్తం చీర అంగట్లో తెచ్చేది లేదని నీకు తెలుసు. మా మగ్గం మీదే నేస్తాం. అంచు మాత్రం పెండ్లికూతురి మేనత్త గీయాల. అక్క చీరకు మా మేనత్త గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసింది. యామిని చీరకు అక్క ఆ కంప్యూటర్లో గీస్తాండేది. మీకు పిల్లలు లేకపోయినా ఆ పిల్ల మీదనే ప్రాణమంతా పెట్టుకున్న మనిషి. కొంగు మొదలు దగ్గర కొంచెం తప్ప అంతా అయిందని నాతో చెప్పింది.

పడుగు ఎక్కించి పెట్టినాను. అంచు వస్తే దాని లెక్కన అట్టలకు బొక్కలు కొట్టించి మగ్గం మీది జాకార్డు పెట్టెకు తగిలించాల. అవి లేకుండా మొదటి పోగు కూడా వేయలేం. అక్టోబరు ఇరవై లోపల మొదలుపెట్టకపోతే ముహూర్తానికి చీర దిగదు. వేరే అంచు చూపిస్తే ఆ పిల్ల "మేనత్త అంచు లేకుంటే నైటీ యేసుకొని పీటల మీద కూచుంటా, మీ ఇష్టం" అంటాండాది. మొండితనం అక్కదే వచ్చింది.

ఆ కంప్యూటర్ నేనూ అక్కా మీ ఇంట్లో నవారు మంచం మీద సామాన్లు పరుచుకుని మా చేతులతో కూర్చినదే. స్విచ్చి వేస్తే మూడు పేర్లు వరసగా వస్తాయి. పైది పాత విండోస్. అంచులు గీసే మా గ్రాఫు సాఫ్ట్‌వేర్ దాంట్లోనే నడుస్తాది, కొత్తవాటిలో నడవదు. అందుకే పాతదాన్ని తీయకుండా పెట్టుకున్నాం. రెండోది కొత్త విండోస్, నీ కాలేజీ పనులకు. మూడోది లినక్స్. అది అక్క ఊరికే నేర్చుకునేదానికి వేసుకుంది, దాంట్లో ఏమీ ఉండదు. నువ్వు పైదాంట్లోకి పోయి యామిని పేరుతో ఉన్నది పెన్‌డ్రైవ్‌లోకి తీసి పంపు. పది నిమిషాల పని.

నీ బావమరిది
సాయిప్రసాద్


కర్నూలు,
30-9-2025.

ప్రసాదూ,

మూడు పేర్లు రావడం లేదు. ఒక్కటీ రావడం లేదు. నల్లటి తెర మీద, సిస్టం ఉన్న డిస్కు దొరకలేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం వస్తుంది. మూలన తేదీ 2010 జనవరి ఒకటి అని చూపిస్తుంది. నాలుగు రోజులుగా ప్రయత్నించాను.

ఆమెను పడుకోబెట్టింది ఆ గదిలోనే కదా. పది రోజులూ అక్కడ దీపం ఉంచారు. ఫ్యాను గాలికి ఆరిపోతోందని మొదటి రోజే ఎవరో ఆ గదికి కరెంటు మొత్తం తీసేశారు. పదకొండో రోజు దాకా ఎవరూ వేయలేదు. వేశాక ఇలా ఉంది.

కాలేజీకి కంప్యూటర్లు బాగుచేసే శ్రీకాంత్ అని ఒకాయన ఉన్నాడు. వచ్చి చూశాడు. "ఒక మనిషికి మూడు సిస్టాలేంది సార్, ఇది కంప్యూటరా సత్రమా" అన్నాడు. డిస్కు పోయినట్టుందన్నాడు. నాలుగో తేదీ శనివారం వచ్చి కొత్త సిస్టం వేస్తాడు. అది లేచాక పాతవాటిలో ఏమైనా మిగిలిందేమో చూద్దామన్నాడు. సరే అన్నాను.

పెళ్లి సంగతి. మూడు దినాలే మైల అని రాశావు. మీ పద్ధతి మీది. నేను కాదనను. నాకు మాత్రం ఆ లెక్క తెలియదు. ఆమె పోయిన ఇరవై రోజులకు చీర అంచు అడుగుతూ ఉత్తరం వస్తుందని అనుకోలేదు. పది నిమిషాల పని అని కూడా రాశావు.

ఓబుళేశు


కర్నూలు,
5-10-2025, ఆదివారం.

ప్రసాదూ,

నిన్న జరిగింది రాస్తున్నాను. నువ్వు రాసినట్టే, ఉన్నదున్నట్టు.

శ్రీకాంత్ పది గంటలకు వచ్చాడు. కొత్త సిస్టం వేసే పెన్‌డ్రైవ్ పెట్టి లేపాడు. డిస్కులో ఉన్న భాగాలు తెర మీద జాబితాగా వచ్చాయి. పోయిందన్న డిస్కు పోలేదు. ఒక భాగానికి గ్రాఫ్ అని పేరు. ఇంకోదానికి కాలేజ్ అని పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో మీ అక్క పెట్టినవే. మూడోదానికి పేరు లేదు.

"ఈ రెండూ ముట్టుకోను సార్. పేరు లేనిది ఖాళీ జాగా, దాన్ని తీసేసి ఆడ కొత్తది వేస్తా" అన్నాడు. నీ ఉత్తరం నా జేబులో ఉంది. మూడోదాంట్లో ఏమీ ఉండదని రాసి ఉంది. నేను తల ఊపాను. అతను తీసేశాడు. ఒక్క నొక్కు.

అప్పుడు దాని కొలత నా కంట్లో పడింది. మిగతా రెండూ కలిపినా దానిలో సగం లేవు. మీ అక్క ఇంట్లో ఏదీ ఖాళీగా ఉంచదు. అయిపోయిన హార్లిక్స్ సీసాలో అప్పుడే మెంతులు పోసి ఉంటాయి. అంత జాగా ఎందుకు వదిలేస్తుంది? ఆపమన్నాను.

"ఇంకొక్క నొక్కు నొక్కితే అయిపోతాది సార్" అన్నాడు. ఆపు అని అరిచాను. నేను కాలేజీలో కూడా అరవను. అతను చేతులు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

డిస్కు విప్పించి అతని లాప్‌టాప్‌కు తగిలించి చూశాం. గ్రాఫ్ అన్న భాగం తెరుచుకుంది. అందులో ఆమె గీసిన అంచులు ఆరు వందలకు పైగా ఉన్నాయి. కొన్ని తెరిచి చూశాను. ఆమె గీస్తూ వచ్చిన పన్నెండేళ్లలో ఒకసారి కూడా చూడలేదు. యామిని పేరుతో ఏమీ లేదు. తేదీలు చూస్తే చివరి అంచు రెండేళ్ల కిందటిది.

అంటే ఈ రెండేళ్లూ ఆమె గీసినవి వేరే చోట ఉన్నాయి. నేను తల ఊపి తీయించిన చోట. శ్రీకాంత్‌కు దాన్ని తిరిగి తేవడం తెలియదు.

ఏమీ ఉండదని నువ్వు రాశావు. నేను నమ్మాను. అది రాసేముందు ఎవరినైనా అడిగావా?

ఓబుళేశు


మాధవరం,
6-10-2025.

బావకు,

నేను మూడో తేదీ పట్టు కోసం ధర్మవరం పోయినాను. నీ ముప్పయ్యో తేదీ ఉత్తరం అదే దినం వచ్చిందంట. నా పేరు మీద వచ్చిందని మా ఇంట్లో ఆమె విప్పకుండా పెట్టెలో పెట్టింది. ఈ పొద్దు ఇంటికొచ్చి చదివినాను. శనివారం అయిపోయింది, వాడు కొత్తది వేసేసింటాడు. ఇంక ఫోన్ చేసి ఏం చెప్పాల.

డిస్కు చచ్చిపోయిందని వాడెవడో చెప్తే నమ్మినావా? దాన్ని కూర్చిన మనిషి నేను బతికే ఉన్నాను కదా. ఆ బోర్డులో గడియారం సెల్లు నిలబడదు, క్లిప్పు విరిగింది. ప్లగ్గు తీస్తే తేదీ, ఏ డిస్కు నుంచి లేవాలన్న వరస అన్నీ మరిచిపోతాది. మళ్లీ చెప్తే లేస్తాది. అంతే దాని రోగం. కరెంటు పోయినప్పుడల్లా అక్క చేస్తాండేది ఆ పనే. నీకు చూపిస్తానని పిలిచింది కూడా ఆ పనే. అందుకే దానికి యూపీఎస్ ఆపొద్దని ఇంటికి వచ్చిన ప్రతిసారీ చెప్పినాను. దీపం ఆరిపోతుందని కరెంటు తీసిన ఆ మహానుభావుడెవరో కనుక్కో.

అక్క బతికుండగా ఆమెకు పది నిమిషాలు ఇయ్యలేనోడివి. ఆమె గీసింది తుడిచేదానికి మాత్రం శనివారం పూట టైము దొరికింది.

యామినికి ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు.

సాయిప్రసాద్


మాధవరం,
8-10-2025.

బావకు,

నీ ఐదో తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నిన్న నువ్వు చదివింటావు నా ఉత్తరం, లేకపోతే రేపు చదువుతావు. దాన్ని పోస్టుమాను దగ్గర నుంచి పెరుక్కోవాలని ఉండాది. అట్ల రాసినాక నీకు ఫోన్ చేసే మొగం లేదు.

ముందు పని మాట. ఆ డిస్కును దేనికీ తగిలించొద్దు. దానిమీద ఏమీ రాయించొద్దు. శ్రీకాంత్ తీసేసింది ఆ భాగం చిరునామా మాత్రమే. లోపలిది లోపలనే ఉంటాది, దాని మీద ఇంకొకటి రాసేదాకా. మాకు అట్టలు కొట్టే సుంకప్ప కడపలో ఉండాడు. ఇట్లాంటివి రెండు తీసినాడంట. అడిగితే "తేప్పా చూస్తాం, వస్తాదని మాట మాత్రం ఇయ్యను" అన్నాడు. నువ్వు ఆపమని అరిచినావు కాబట్టి ఆ మాటన్నా అనగలిగినాడు.

మూడోదాంట్లో ఏమీ లేదని రాసింది నేనే. అడగలేదు. నీ ఉత్తరం చదివినాక యామినిని అడిగితే నా మొగం చూసి "నాయనా, అత్త రెండేండ్ల నుంచి దాంట్లోనే గీస్తాండాది, నీకు చెప్తే పాతదే మేలని కొట్లాడతావని చెప్పలేదు" అనింది. ఆ పిల్ల ఫోన్‌లో అంచు మూలది చిన్న ఫోటో ఉండాది. చిలుక ముక్కు తప్ప ఏమీ కనపడదు. దాంట్లో పోగులు లెక్కపెట్టలేం.

రెండోది. కరెంటు తీసిన మహానుభావుడు ఎవరని రాసినాను. మా ఇంట్లో ఆమె నవ్వింది. నెల దినాలుగా నవ్వని మనిషి. "నువ్వే కదా స్టూలెక్కి తీసింది, నేనే స్టూలు పట్టుకున్నా" అనింది. నాకు గుర్తులేదు బావా. ఇప్పుడు కూడా లేదు. పదేండ్లు దానికి కరెంటు తీయొద్దని అందరికీ చెప్పి, నేనే తీసినాను.

మూడోది ఎవరికీ చెప్పలేదు. ఆ దినం తొమ్మిదికి అక్క ఫోన్ చేసింది. ఎడమచేయి పొద్దున్నుంచి లాగుతాండాది, ఈ పొద్దు గీయలేనేమో అనింది. "మౌసు పట్టుకుని పట్టుకుని అట్లయింటాది, పడుగు ఎక్కించినా, ఇంక రెండు దినాల్లో ఇయ్యి అక్కా" అన్నాను. అక్క మౌసు పట్టేది కుడిచేత్తో. ఆ మాట ఫోన్ పెట్టినాక కూడా నాకు తట్టలేదు. "సరేలే నాయనా" అనింది. ఆ కుర్చీలోంచి జారింది ఆ పని చేస్తానే.

గేటు దగ్గర నిన్ను అడిగింది అందుకే. నువ్వు ఏదన్నా ఇంకో కారణం చెప్తావని.

ప్రసాదు


కర్నూలు,
9-10-2025.

ప్రసాదూ,

నీ ఆరో తేదీ ఉత్తరం అందింది.

పది నిమిషాల గురించి నువ్వు చెప్పాల్సిన పని లేదు.

ఆదివారం, పన్నెండో తేదీ, శ్రీకాంత్ వస్తాడు. డిస్కు మొత్తం తుడిచి ఒక్కటే సిస్టం వేయమన్నాను. కాలేజీ పనికి అది చాలు. దానితో ఈ విషయంలో నీకూ నాకూ మధ్య రాసుకోవలసింది అయిపోతుంది. యామినికి నేనే రాస్తాను.

ఓబుళేశు


కర్నూలు,
12-10-2025, ఆదివారం.

ప్రసాదూ,

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. నా తొమ్మిదో తేదీది నీకూ నిన్ననే అందినట్టుంది. సాయంత్రం నుంచి నువ్వు తొమ్మిదిసార్లు ఫోన్ చేశావు. ఫోన్ టేబుల్ మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఎత్తలేదు. "చెరపలేదు" అని ఒక్క మాట పంపాను. నువ్వు చేయడం ఆపావు.

ఈరోజు పదకొండుకు శ్రీకాంత్ వచ్చాడు. డిస్కు ఇవ్వనన్నాను. "మొత్తం తుడవమని మీరే అన్నారు కదా సార్" అన్నాడు. అన్నాను, ఇప్పుడు వద్దంటున్నాను అని చెప్పాను. అతను గడప దగ్గరే నిలబడి, "మేడం గీసినవి ఆ పొద్దు చూసినా సార్. మా అమ్మ పెండ్లి చీర అంచు మాదిరిదే ఒకటి ఉండాది దాంట్లో. ఎవరన్నా తీయగలిగితే తీయించుకోండి" అని వెళ్లిపోయాడు. కాఫీ తాగమని కూడా అనలేదు నేను. అలాంటివి చూసేది ఆమె.

ఇక నువ్వు రాసిన మూడో సంగతి.

తొమ్మిదికి నీతో చెప్పిన మాట ఎనిమిదికే నాతో చెప్పింది. ఇడ్లీ పెడుతూ చెప్పింది. "ఎడమచేయి లాగుతాండాదప్పా, భుజం కాడ నుంచి" అంది. నేను అలమారలోంచి బామ్ తీసి ఆమె చేతిలో పెట్టాను. మూత కూడా తీసివ్వలేదు. ఎనిమిదిన్నరకు సీనియర్ ఇంటర్ క్లాసు ఉంది. బూట్లు వేసుకున్నాను. "పూసుకుని కాసేపు పడుకో" అన్నాను. "పడుకుంటే అంచు ఎవరు గీస్తారు సారూ" అంది. నేను గేటు వేసుకుని వెళ్లాను.

నువ్వు పది చదివి మగ్గం పట్టుకున్నావు. నీకు తెలియకపోవడంలో తప్పు లేదు. నేను ముప్పై మూడేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఎడమచేయి లాగుతోందంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ఉదయం కూడా తెలుసు. క్లాసు అయ్యాక ఫోన్ చేద్దామనుకున్నాను. తరువాత ల్యాబ్ ఉంది. తరువాత భోజనం.

మొదటి ఉత్తరంలో ఎనిమిదికి ఇడ్లీ పెట్టిందని రాసి ఆపేశాను. నువ్వు ఉన్నదున్నట్టు రాసినావని మెచ్చుకున్నావు. ఆ ఉత్తరాన్ని మీ ఇంట్లో చదువుకుని ఏడ్చారు. అప్పటి నుంచి నీకు రాసిన ప్రతి ఉత్తరంలో కోపం ఎక్కువ చేస్తూ వచ్చాను. కోపంగా ఉన్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

గేటు దగ్గర ఇంకో కారణం చెబుతానని ఎదురుచూశానన్నావు. కారణం ఇది. నీ ఫోన్ కన్నా గంట ముందుది. నువ్వు ఆమెను తొందరపెట్టేసరికే నేను ఆమెను ఇంట్లో వదిలేసి వెళ్లాను.

డిస్కును ఆమె పాత నూలు చీర ముక్కలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాను. పట్టులో చుడితే రాపిడికి కరెంటు పుట్టి చిప్పులు దెబ్బతింటాయి. నాకు తెలిసిన ఆ కాస్తా ఈ విషయంలో పనికొచ్చింది. సుంకప్ప తీయగలడో లేదో తెలియదు. వచ్చినా కొంగు మొదలు దగ్గర అసంపూర్తిగానే ఉంటుంది. దాన్ని నువ్వు పూర్తిచేయాలి. మేనత్త గీయాలన్న మీ పద్ధతికి అది ఒప్పుతుందో లేదో మీ పెద్దలను అడుగు. ఇరవైకి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. పోస్టులో వేస్తే నాకంటే వెనక వస్తుంది. నోటితో చెప్పలేను, చెప్పగలిగితే గేటు దగ్గరే చెప్పేవాణ్ని.

రేపు పొద్దున ఐదున్నర బస్సుకు కడపకు బయలుదేరుతాను. మధ్యాహ్నానికి మీ వీధిలో ఉంటాను. ముందు ఈ కాగితాలు నీ చేతికి ఇచ్చి, నువ్వు చదివేదాకా బయట నిలబడతాను. రమ్మంటే డబ్బా తీసుకుని లోపలికి వస్తాను. రమ్మనకపోతే డబ్బా యామిని చేతికిచ్చి తిరుగు బస్సు ఎక్కుతాను.

ఓబుళేశు